అమ్మ కోసం తవ్విన నీటిగుంట

మా దొడ్లో గొయ్యి తవ్వడం మొదలుపెట్టిన రోజునే అదెందుకో ఊళ్ళో సగం మందికి తెలిసిపోయింది. మిగతా సగం మందికి తప్పుగా తెలిసింది. సెప్టిక్ ట్యాంకు అన్నారు కొందరు. చేపలు పెంచుతారట అన్నారు కొందరు. ఎదురింటావిడ పిట్టగోడ మీద నుంచి తొంగి చూసి, "ఏందమ్మా టీచరమ్మా, స్విమ్మింగ్ పూలా? హైదరాబాదోళ్ళ మాదిరి?" అని ఒక నవ్వు నవ్వింది. నాకు ఒళ్ళు మండిందంటే నోరు ఆగదు. "అవునొదినా, నువ్వు కూడా తువాలు తెచ్చుకో, ఈదుదువుగాని" అన్నాను. ఆవిడ చాలా రోజులు ఆ గోడ వైపు రాలేదు.

అది మా అమ్మ బాప్తిస్మానికి తవ్విన గుంట.

మాది గుంటూరు నుంచి ప్రకాశం వైపు పోయే దారిలో, పత్తి, మిరప తప్ప మరో పంట మాట వినబడని పల్లె. మా గుడిలో ముంచే బాప్తిస్మమే బాప్తిస్మం. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చెల్లదు. మనిషి మొత్తం నీళ్ళలో మునిగి లేవాలి. అలా లేచినవాళ్ళకే నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లలో పాలు పంచుకునే వీలు. బల్ల అంటే ఆ రోజు పాస్టరుగారు విరిచి పంచే రొట్టె ముక్క, చిన్న గ్లాసులో గుక్కెడు ద్రాక్షరసం. చూడ్డానికి చిన్న విషయమే. దానికి దూరంగా ఉన్నవాళ్ళకే అదెంత పెద్దదో తెలుస్తుంది.

మా అమ్మ ఆ గుడి పునాదికి తట్టలతో మట్టి మోసింది. రైతుల కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసిన చేతులతోనే శనివారం సాయంత్రం గుడి ఊడ్చేది. పాటల పుస్తకం చూడకుండా పాడేది, చదువు రాదు కాబట్టి. కానీ ఆ రొట్టె ఏనాడూ ఆమె నోట్లోకి పోలేదు. పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చేది. అమ్మ రెండు చేతులతో అందుకుని, ఒక్క క్షణం చూసి, పక్కావిడకు అందించేది. పక్కన కూర్చున్నది నేనే అయితే, నేను ముక్క తీసుకుంటుంటే తల అటు తిప్పుకునేది. 

ఎందుకు మునగలేదంటే, భయం. మా ఊళ్ళో బాప్తిస్మాలు కాలవలో ఇస్తారు. సాగర్ నీళ్ళు వదిలాక, కాలవ నిండా పారుతున్నప్పుడు, పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా పోతారు. అమ్మ పెళ్ళికి ముందు, కూలికి పోయే వయసులో, చెల్లెలితో కలిసి మిరపకోతకు వెళ్ళింది. కోత అయ్యాక చేతుల మంట తట్టుకోలేక చెల్లెలు కాలవ మెట్లు దిగింది. అమ్మ గట్టు మీద నిలబడి తలగుడ్డ విప్పుకుంటోంది. మళ్ళీ తిరిగి చూసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. అప్పటి నుంచి అమ్మ కాలవ వంతెన కూడా కళ్ళు మూసుకునే దాటుతుంది. ఎవరైనా పాస్టరుగారు అడిగితే, "వచ్చే ఏడు చూద్దాం అయ్యగారూ" అనేది. పాస్టర్లు మారారు గానీ ఆ మాట మారలేదు.

పోయిన ఏడాది అమ్మకు గుండెలో నలతగా ఉందని పేట ఆసుపత్రిలో చూపించాం. తగ్గింది. తగ్గి ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకుని, "బల్ల తీసుకోకుండానే పోతానేమోనే" అంది. నాతో అన్నట్టు లేదు, పైకప్పుతో అన్నట్టుంది. నాకు దుఃఖం రావలసిన చోట కోపం వస్తుంది, అది నా జబ్బు. "అయితే దిగొచ్చుగా కాలవలో! ఎవరొద్దన్నారు?" అని అరిచాను. అరిచి వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మా ఆయన అక్కడే ఉన్నారు. ఆయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పని చేస్తారు. ఇంటికి వస్తే ఫోన్లో వీడియోలే వీడియోలు. ఎక్కడో ఎవరో పెరట్లో తమ చేతులతో తామే కొలను కట్టుకుంటారు, రాళ్ళు పేర్చుకుంటారు, తామరలు వేసుకుంటారు. అవి చూసి చూసి మన దొడ్లో కూడా ఒకటి తవ్వుదామని ఎప్పటి నుంచో నా ప్రాణం తీస్తున్నారు. దోమలకు మన రక్తం చాలడం లేదా అని నేను కొట్టిపారేస్తూ వచ్చాను. ఆ రోజు ఆయన ఫోను పక్కన పెట్టి, "కాలవ దగ్గరికి ఆమె పోలేకపోతే, నీళ్ళనే ఆమె దగ్గరికి తెద్దాం" అన్నారు.

ఆయనది గుంటూరు టౌను. వాళ్ళ గుడిలో పసిపిల్లలప్పుడే నెత్తిన నీళ్ళు చల్లేస్తారు. "మా వైపయితే ఈపాటికి మీ అమ్మకు ఎప్పుడో అయిపోయేది" అని మమ్మల్ని వేళాకోళం చేసేవారు. అమ్మ ఊరుకునేదా? "చుక్కతో ఏం కడుక్కుంటారు అల్లుడుగారూ, నాలికా?" అనేది. వాళ్ళిద్దరికీ అలా మాటకు మాట అనుకోవడం సరదా. కానీ ఆమె కోసం గొయ్యి తవ్వుతానన్న రోజు అమ్మ ఆయన చేతిని పట్టుకుని కాసేపు అలాగే ఉంది.

పాస్టరుగారిని అడిగాను. కొత్తగా వచ్చారు, పొన్నూరు వైపు మనిషి, వరిచేల మధ్య పెరిగినవారు. మా ఊరు వచ్చిన కొత్తలో, మిరపకాయలు ఆరబెట్టే రోజుల్లో, ప్రసంగం మధ్యలో తుమ్మి తుమ్మి బల్ల పట్టుకుని నిలబడ్డారు. మేం మాత్రం ఏ ఘాటూ తగలనట్టు కూర్చుని చూశాం. మంచి మనిషే. "నడుము లోతు నీళ్ళు ఉండాలమ్మా. నేను కూడా దిగాలి. మనిషి పూర్తిగా మునగాలి. అంతే, కాలవైనా గుంటైనా ఒకటే" అన్నారు. సంఘ పెద్ద ఒకాయన, గుడి లెక్కా పత్రం చూసే పెద్దాయన, "పారే నీళ్ళయితే బాగుండేది" అని సణిగారు. "పారే నీళ్ళలో ఆమె చెల్లెలు పోయింది" అన్నాను. 

గొయ్యి తవ్వడం వీడియోలో చూసినంత తేలిక కాదు. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది. మా ఆయన ఫోను చూసి నిట్టనిలువుగా తవ్వారు. ఒక గట్టు తెల్లారేసరికి కూలి గోతిలో కూర్చుంది. అమ్మ మంచం దొడ్లోకి వేయించుకుని అక్కడి నుంచే మేస్త్రీగిరీ మొదలుపెట్టింది. "ఏటవాలుగా తవ్వండయ్యా, బావి కాదుగా" అంటే మళ్ళీ తవ్వారు. దిగడానికి మెట్లు కావాలి. మిరప గోతాల్లో ఇసుక నింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన నాపరాళ్ళు పరిచాం. అడుగున రాళ్ళు గుచ్చుకోకుండా ఇసుక పోశాం. ఇసుక మీద పాత చీరలు పరిచాం. బడి నుంచి వచ్చి నేనూ తట్ట పట్టేదాన్ని. చాలా ఏళ్ళ తరవాత మా ఇంట్లో ముగ్గురం ఒక పని మీద ఉన్నాం. ఆ రోజులు బాగున్నాయి, అబద్ధమెందుకు.

రేగడి నేలలో నీళ్ళు నిలవాలంటే కింద ఏదో ఒకటి పరచాలి. దానికి కొత్త షీటు కొందామని మా ఆయన అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

"మన పట్టా ఉందిగా! బంగారం లాంటి పట్టా" అంది.

అమ్మ ఎన్నో ఏళ్ళు ఒకే రైతు కల్లంలో కాయలు ఆరబెట్టింది. ఆమె పని మానేసేటప్పుడు ఆ రైతు ఇంటావిడ చీర పెట్టి, ఒక పెద్ద టార్పాలిన్ పట్టా కూడా ఇచ్చింది. కాయలు కల్లంలో పరిచేది దాని మీదే, మంచు పడితే కప్పేదీ దాంతోనే. మందం, ఎక్కడా చిరుగు లేదు. మా ఇంట్లో దానికి ఉన్న మర్యాద నాకు లేదు. వానాకాలం కట్టెల మీద కప్పుతాం, పెళ్ళయితే పందిరి మీద వేస్తాం. తన కష్టానికి దక్కిన వస్తువు తన బాప్తిస్మానికి పనికొస్తుందని అమ్మ సంబరం. ఆ సంబరం చూసి కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

దాన్ని పరిచి, సర్ఫు వేసి చీపుర్లతో రుద్దాం, పైపుతో కడిగాం. ఎర్రటి నీళ్ళు పోయాయి, తరవాత తెల్లటి నీళ్ళు వచ్చాయి. ఎండలో ఆరేశాం. మా ఆయన దగ్గరగా వాసన చూశారు. "ఏం లేదు" అన్నారు. అమ్మ చూసింది, "ఏం లేదు" అంది. నేనూ చూశాను, నాకూ ఏమీ తెలియలేదు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆయనకు, కల్లంలో ముసలిదైన ఆమెకు, ఈ ఊళ్ళో పుట్టిన నాకు మిరప వాసన తెలియడమేమిటి! మాకది గాలి. పట్టా అంచులు మడతపెట్టి కుట్టి ఉంటాయని, ఆ కుట్ల లోపల, నేతలో, ఏళ్ళ తరబడి నలిగిన గింజలు, పొడి దాక్కుని ఉంటాయని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

నీళ్ళు పెట్టాం. బోరు సన్నగా పోస్తుంది, గుంట నిండడానికి చాలాసేపు పట్టింది. నిండాక గానీ నేల వాలు తెలియలేదు. ఒక పక్క నీళ్ళు గట్టు దాటి పొర్లుతుంటే రెండో పక్క జానెడు వెలితి. మా ఆయన తల గోక్కుని, పల్లపు వైపు మట్టి ఎత్తి, పట్టా అంచు పైకి లాగి మళ్ళీ బండలు పెట్టారు. మసక తేరడానికి పటిక తిప్పారు. మర్నాటికి నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పట్టా నీలంగా కనబడింది. అమ్మ మంచం దిగి వచ్చి చూసి, "అచ్చం ఆకాశమేనే" అంది.

దోమలు పెరగకుండా మా ఆయన చెరువు నుంచి చిన్న చేపపిల్లలను తెచ్చి వదిలారు. పొద్దున్నకు తెల్లగా తేలాయి. బోరు నీళ్ళు పడలేదని ఆయన, ఎండ దెబ్బని అమ్మ. మా మురికి నీళ్ళలో పుట్టినవాటికి ఇంత శుభ్రం పడలేదేమోనని నేను. ముగ్గురం నవ్వుకుని వాటిని తీసి పారేశాం.

అమ్మ రోజూ సాయంత్రం అలవాటు చేసుకునేది. మొదట గట్టు మీద కూర్చుని కాళ్ళు ఆడించేది. తరవాత నా చెయ్యి పట్టుకుని మోకాలి వరకు దిగేది. ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగబడేవి. నడుము దాకా దిగిన రోజు ఆమె పెదవులు నల్లబడ్డాయి, అయినా నిలబడింది. "కదలవుగా ఈ నీళ్ళు?" అని అడిగేది. "కదలవమ్మా, ఎక్కడికి పోతాయి?" అనేదాన్ని. ఇంట్లోకొచ్చాక నా పిక్కలు చిటచిటమనేవి. కాయల కాలంలో మా ఊళ్ళో ఒంటి మీద ఎక్కడో అక్కడ చిటచిటమనని మనిషి ఎవరున్నారు కనక? కొబ్బరినూనె రాసుకుని పడుకునేదాన్ని.

ఆ శనివారం పొద్దున్న మా దొడ్డి నిండింది. ఆడవాళ్ళు కనకాంబరాలు తెచ్చి గట్టు మీద పెట్టారు. ఎదురింటావిడ కూడా వచ్చింది, పిట్టగోడ అవతల నుంచి కాదు, గేటు లోంచే. అమ్మ తెల్లచీర కట్టుకుంది. చీర అంచు చేత్తో పదేపదే సర్దుకుంటోంది. ఆమెను చూస్తుంటే నాకు పెళ్ళికూతుర్ని చూస్తున్నట్టు గుండె నిండింది.

పాస్టరుగారు ప్రార్థన చేసి ముందు దిగారు. భారీ మనిషి. గోతాల మెట్లు ఆయన బరువుకు కుంగాయి, పట్టా అటూ ఇటూ ముడతలు పడింది. అన్ని రోజులుగా అడుగున తేరుకున్నదంతా లేచింది. నీళ్ళు కాస్త రంగు మారినట్టు నాకు అనిపించింది గానీ, ఇసుకలే అనుకున్నాను. అమ్మ నా చెయ్యి వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది. నడుము లోతులో ఇద్దరూ నిలబడ్డారు. పాట అందుకున్నారు. ఎండ చురుక్కుమంటోంది. పాస్టరుగారు తడి చేత్తో నుదుటి చెమట, కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తరవాతి కేక విని పాట ఆగిపోయింది.

"అమ్మో, కళ్ళు! నా కళ్ళు!" అంటూ ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. రుద్దిన కొద్దీ మంట. ఆయన్ను పట్టుకుందామని సంఘ పెద్దాయన పంచెతోనే దిగి, నీళ్ళు చింది మొహాన పడగానే ఆయనా వెనక్కి గెంతారు. ఇద్దరూ తడుముకుంటూ పైకి వచ్చేశారు. జనమంతా వాళ్ళ వెనక బోరు దగ్గరికి పరుగెత్తారు. మా ఆయన పైపు పట్టుకుని వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు కొడుతున్నారు. ఎవరో మజ్జిగ అన్నారు, ఎవరో డాక్టరు అన్నారు. "మిరపకాయ నీళ్ళురా దేవుడా" అన్నారు ఇంకెవరో. అప్పుడర్థమైంది నాకు.

వెనక్కి తిరిగి చూస్తే గుంటలో మా అమ్మ ఒక్కతే ఉంది.

నీళ్ళంటే వణికే మనిషి, పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ లేకుండా, నడుము లోతులో నిలబడి ఉంది. ఒళ్ళు మండుతూనే ఉండాలి. కానీ ఆ మంట ఆమెకు జీవితమంతా తెలిసిందే. బోరు వైపు చూస్తూ, "అయ్యగారూ, వస్తున్నారా? నేనిక్కడే ఉన్నా" అంటోంది.

"అమ్మా, పైకి రా! ఇంకో రోజు చేద్దాం, రామ్మా!" అని అరిచాను.

"ఇప్పుడు పైకొస్తే మళ్ళీ దిగలేనే. నా వల్ల కాదు" అంది.

పాస్టరుగారు కళ్ళు తెరవలేకపోతున్నారు. అమ్మ కాసేపు చూసింది. తరవాత తల పైకెత్తి, ఎవరో ఎదురుగా ఉన్నట్టు మామూలుగా మాట్లాడింది. "అయ్యా, నన్ను ముంచేటాయన బయటున్నాడు. ఇక్కడ నువ్వే ఉన్నావు" అంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేర్లు చెప్పుకుంది. ముక్కు పట్టుకుని, మోకాళ్ళు వంచి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తెల్లచీర చెంగు ఒక్కటే పైన తేలింది. నేను మెట్ల మీదికి దూకేలోగా లేచింది. కళ్ళు నెత్తురు ముద్దలు. జుట్టు నించి నీళ్ళు కారుతున్నాయి. "అయిందే" అంది. అంత వెలుగు ఆ మొహంలో నేను మునుపు చూడలేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మాకు అదే జరిగింది. రెండు రోజులకు కళ్ళు తేరుకున్నాక పాస్టరుగారు పెద్దలతో ఇంటికి వచ్చారు. నేను క్షమించమని అడిగాను. ఆయన నవ్వి, "మీ ఊరి మిరపకాయ రుచి చూశానమ్మా" అన్నారు. అమ్మ పక్కన కూర్చుని, నొప్పించకుండా చెప్పారు. తనంతట తాను మునిగింది బాప్తిస్మం కాదు, దైవసేవకుడు ఇవ్వాలి. కొత్త నీళ్ళు పెట్టించండి, మళ్ళీ ఇస్తాను, వచ్చే బల్లకు తీసుకుందురుగాని అన్నారు.

మా ఆయన ఆ వారంలోనే పట్టా పీకేసి కొత్త షీటు పరిచారు, నీళ్ళు మార్చారు. అంతా సిద్ధం. అమ్మ మాత్రం ససేమిరా అంది.

"నేను మునిగానుగా. అందరూ చూశారుగా."

"అది లెక్కలోకి రాదంటున్నారమ్మా."

"ఎవరి లెక్క? నేను ఎవరితో చెప్పి మునిగానో ఆయన లేదన్నాడా? మళ్ళీ మునిగితే మొన్నటిది అబద్ధమవుద్ది. నేను అబద్ధం ఆడను."

బతిమాలాను. తిట్టాను. "పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటావు, ఒక్క మునకకు నీ సొమ్మేం పోయింది?" అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. పెద్దల మీద కోపం, అమ్మ మీద కోపం, ఆ పట్టా మీద కోపం. ఆమె చెప్పింది నిజమేనని లోపల తెలుస్తుంటే ఇంకా కోపం. ఆ రోజుల్లో బళ్ళో పిల్లలు నా నీడ పడితే చాలు నోరు మూసుకునేవాళ్ళు.

మొదటి ఆదివారం వచ్చింది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పళ్ళెం ఆ రోజు పెద్దాయన చేతిలో ఉంది, ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వస్తున్నారు. అమ్మ ముందుకు రాగానే ఆమె చెయ్యి చాచింది. ఆయన పళ్ళెం చటుక్కున వెనక్కి తీసుకున్నారు. పాస్టరుగారి వైపు చూశారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు, నిజంగానో, మాకోసమో. పళ్ళెం అమ్మను దాటి నా ముందుకు వచ్చింది. అమ్మ చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆ చెయ్యిని ఆమె వెనక్కి తీసుకోవడం నేను చూడలేకపోయాను. నా ముక్క తీసుకుని, సగానికి విరిచి, ఆ అరచేతిలో పెట్టాను.

"తప్పమ్మా అది" అన్నారు పెద్దాయన, పళ్ళ మధ్య నుంచి.

అమ్మ తినేసింది.

సాయంత్రానికి కబురు వచ్చింది. బల్లను అగౌరవపరిచాను కాబట్టి, మా అమ్మ సంగతి సరయ్యే దాకా నాకు కూడా బల్ల లేదు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పడం కూడా మానుకోవాలి. ఆ మాట చెప్పడానికి వచ్చినవాళ్ళను ఇంటి నుంచి పొమ్మన్నాను. పొమ్మన్నానే గానీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గుడే నా ఇల్లు. కోపిష్టిదాన్ని, ఊరందరితో గొడవలే. అక్కడ కూర్చున్న ఆ గంటా ఒక్కటే నేను నెమ్మదిగా ఉండేది. ఆ రాత్రీ, తరవాతా అన్నం సయించలేదు. అమ్మకు తెలియకూడదని మామూలుగానే ఉన్నాననుకున్నాను. తల్లికి తెలియకుండా ఉంటుందా?

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ తెల్లచీర ఉతికి దండెం మీద ఆరేసి ఉంది.

"అయ్యగారికి ఫోన్ చెయ్యి. శనివారం రమ్మను" అంది.

"ఎందుకు?"

"ముంచమని."

"వద్దమ్మా. అబద్ధమవుద్దని నువ్వేగా అన్నావు. నాకేం బల్ల అక్కర్లా. మనిద్దరం ఇంట్లోనే ప్రార్థన చేసుకుందాం." నా గొంతు నాకే కొత్తగా ఉంది. అంత మెత్తగా ఆమెతో ఎప్పుడూ మాట్లాడినట్టు లేదు.

"నాకేముందే, పోయేదాన్ని. నువ్వు ఎక్కడికి పోతావు?" అంది. ఆపైన నేను ఎంత చెప్పినా వినలేదు.

ఆ శనివారం జనం తక్కువ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, బట్టలు ఉతకడానికి దిగినంత మామూలుగా మెట్లు దిగింది. ఇన్నేళ్ళ భయం ఎటు పోయిందో! భయపడినా బాగుండునని నాకు అనిపించింది. పాస్టరుగారు మాటలు చెప్పి, వీపు కింద చెయ్యి వేసి, మెల్లగా ముంచి లేపారు. అంతా పద్ధతి ప్రకారం జరిగింది. అందరూ స్తోత్రం అన్నారు. లేచిన అమ్మ మొహం తుడుచుకుని, "సరిపోయిందా అయ్యగారూ?" అని అడిగింది. ఆయన తల ఊపారు. ఆయన కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి, ఈసారి మిరపకాయ వల్ల కాదు.

నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. కదలని నీళ్ళు, అమ్మ బాప్తిస్మం, బల్ల. మొత్తం దొరికింది. నాకు మాత్రం ఎవరినో పట్టుకుని కొట్టాలన్నంత ఏడుపు వచ్చింది.

తరవాతి మొదటి ఆదివారం పళ్ళెం అమ్మ ముందు ఆగింది. పెద్దాయన వంగి మరీ అందించారు. వెనక ఆడవాళ్ళు సంతోషంగా గుసగుసలాడుకున్నారు. అమ్మ రొట్టె ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది, తరవాత నేను తీసుకున్నాను. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. ఉండబట్టలేక అడిగాను.

"ఎట్టా ఉందమ్మా? తృప్తిగా ఉందా?"

అమ్మ నా భుజం ఆసరా చేసుకుంది. 

"పోయిన నెల నువ్వు విరిచి పెట్టావే, నేను తీసుకున్న బల్ల అదేనే" అంది.